పసుపు గౌను వెనక

కూతురు తిండి మానేసి, తన ఒంటిని తానే అసహ్యించుకుంటూ, కళ్ళెదుటే కరిగిపోతుందేమో. ఆమె భయాలన్నిటిలోకీ పెద్ద భయం ఇదే. మిగతావన్నీ చిల్లర భయాలు. పొయ్యి ఆర్పానో లేదో అని బస్టాపు దాకా వెళ్ళి మళ్ళీ ఇంటికి పరుగెత్తుకు రావడం, చంటాడు ఒక్కసారి తుమ్మితే మాటిమాటికీ వాడి నుదురు ముట్టుకుని చూడడం లాంటివి. వాటితో ఆమె కాపురం చేయగలదు. ఈ పెద్ద భయంతో మాత్రం చేతకావడం లేదు.

ఆమె ప్రకటనల ఫోటోలు తీసే స్టూడియోలో బట్టల పని చూస్తుంది. అక్కడ అందరూ టైలరమ్మ అంటారు. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది, ఆ వెంటనే పెళ్ళి, ఆ వెనకే కూతురు, చాన్నాళ్ళకు చంటాడు. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా రెండు చేతులా ఏదో ఒకటి పట్టుకుని కొరుకుతూ ఉండేదని ఆ పిల్లను ఇంట్లో ఉడుత అని పిలుస్తారు. బళ్ళో రిజిస్టరుకు వేరే పేరు ఉంది గానీ అలా పిలిస్తే ఉడుత పలకదు.

ఆ ఉడుత కొరకడం మానేసింది. "ఆకలి లేదమ్మా", "బళ్ళో తిన్నానమ్మా", "పొట్ట బరువుగా ఉందమ్మా". పూటకో సాకు. పోయిన వారం ఆటల పీరియడులో కళ్ళు తిరిగి పడిపోయింది. బడివాళ్ళు నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకోమన్నారు. ఇంట్లో అత్తగారికి చంటాడితోనే సరిపోతుంది. అందుకని పిల్లను వెంటబెట్టుకుని పనికి బయల్దేరింది. బస్సులో, కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఉడుత, అడగ్గా అడగ్గా అసలు మాట బయటపెట్టింది. పుట్టినరోజుకు పిన్ని కొనిచ్చిన పసుపు గౌను తనకు నడుమే లేనట్టు సంచిలా వేలాడి, లావుగా కనిపించిందట. పోస్టరులో ఉన్న అమ్మాయికి మాత్రం పోతపోసినట్టు అమరిందట.

"గౌనుది కాదమ్మా తప్పు. నాదే."

ఆ మాట వినగానే టైలరమ్మ గుండె ఎందుకు జారిపోయిందంటే, ఊరంతా గోడల మీద ఉన్న ఆ పోస్టరు కోసం ఆ పసుపు గౌనును ఆ అమ్మాయి ఒంటికి అమర్చింది ఈ తల్లి చేతులే.

"పిచ్చి మొహమా! అది వెనక క్లిప్పులు పెట్టి బిగించిందే," అంది అక్కడికక్కడే.

ఉడుత తిరిగి కూడా చూడలేదు. "అమ్మలందరూ అలాగే అంటారు. నన్ను ఊరుకోబెట్టడానికి."

ఇక వాదించి ఏం లాభం? స్టాపు వచ్చింది, ఇద్దరూ దిగారు.

స్టూడియో అంటే పెద్ద గోదాములాంటి గది. ఒక గోడ పైనుంచి తెల్ల కాగితం చుట్ట విప్పుకుంటూ కిందకు జారి, నేల మీద కూడా పరుచుకుని ఉంటుంది. దాని మీద ఒక స్టూలు, చుట్టూ గొడుగుల్లాంటి లైట్లు. కాగితం మొదలయ్యే చోట నేల మీద ఎర్ర టేపు గీత. ఆ గీత దగ్గర ఒక కట్టుబాటు ఉంది: కెమెరా సర్దాక ఎవరూ గీత దాటకూడదు. మేనేజరైనా, చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులైనా ఇవతలే నిలబడి ముందునుంచి చూడాలి. కాగితం మీద అడుగుల మచ్చ పడితే మొత్తం మార్చాలి. అవతలికి వెళ్ళే హక్కు ఫోటోకు నిలబడే మనిషికీ, బట్టలు సరిచేసే టైలరమ్మకూ మాత్రమే. అది కూడా చెప్పులు విప్పి, సాక్సులతో.

ఇవాళ రెండో పోస్టరు. గౌను అదే, అమ్మాయి అదే, కింద రాసే మాటలూ అవే: 'నీకు నువ్వే సాటి'.

పోస్టరు అమ్మాయి స్టూలు పక్కన నిలబడి ఉంది. నిండా పద్దెనిమిది ఉంటాయో లేదో. స్టూడియోలో ఆమెకు పేరుతో పని లేదు, అందరికీ 'పోస్టరు అమ్మాయే'. ఫోటో బాబాయి కెమెరా వెనక నుంచి గొంతెత్తాడు. ఆయనకు పొట్ట కాస్త ముందుకు ఉంటుంది, నోరు ఇంకా ముందుకు ఉంటుంది.

"టైలరమ్మా! ఆ పిల్లకు పెట్టగా మిగిలితే నా పొట్టకు కూడా నాలుగు క్లిప్పులు పెట్టు తల్లీ."

"మీ పొట్టకు క్లిప్పులు ఆగవు బాబాయిగారూ, తలుపు గడియ వేయాలి."

"వేసెయ్. తాళంచెవి మాత్రం మా ఆవిడకు ఇవ్వకు, మళ్ళీ తియ్యదు."

మామూలు రోజైతే టైలరమ్మ కూడా నవ్వేది. ఇవాళ నోట్లో క్లిప్పు కరుచుకుని పోస్టరు అమ్మాయి వీపు దగ్గర వంగి పని చేస్తోంది. బట్టలు తయారుచేసే చోటినుంచి ఫోటోల కోసం గౌను ఒకే సైజులో వస్తుంది. నిలబడేవాళ్ళు పొడుగూ పొట్టీ, లావూ సన్నం, నానా రకాలు. కాబట్టి మిగిలిన గుడ్డంతా వెనక్కి లాగి, మడిచి, వరసగా ఇనుప క్లిప్పులు బిగించాలి. భుజం కింద చిన్న దూది మెత్త. నడుం దగ్గర మరింత గుడ్డ, మరిన్ని క్లిప్పులు. ముందునుంచి చూసేవాళ్ళకు ఇదేదీ కనబడదు. కనబడకూడదు, అదే ఆమె పని.

ఆఖరి క్లిప్పు పెట్టి తలెత్తేసరికి, పోస్టరు అమ్మాయి భుజం మీదుగా కూతురు కనబడింది.

ఉడుత గీత ఇవతల నిలబడి ఉంది. కళ్ళు ఆర్పకుండా పోస్టరు అమ్మాయినే చూస్తోంది. పోస్టరులో ఎలా ఉందో ఎదురుగా కూడా అలాగే ఉంది మరి! అదే నడుం, అదే మెరుపు. ఉడుత మెల్లగా తన చొక్కాను నడుం దగ్గర పిడికిట్లోకి లాగి పట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. పొట్ట లోపలికి లాక్కుంది. అలా లాక్కునే నిలబడింది.

'అయ్యో, ఎరక్కపోయి తీసుకొచ్చాను! బస్సులో నేను చెప్పింది అబద్ధమని ఇప్పుడు కళ్ళారా చూసి నమ్మేస్తుంది' అనుకుంది తల్లి. తన చేతిలోని పనితనం ఎంత బాగుంటే కూతురి మొహం అంత వాడిపోతోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆ పిల్ల ఊపిరి వదలడం కూడా మర్చిపోతుందేమోననిపించింది.

"ఉడుతా, ఇలా రా! ఈ డబ్బా పట్టుకో."

ఫోటో బాబాయి కెమెరా మీదనుంచి తల బయటపెట్టాడు. "గీత టైలరమ్మా, గీత!"

"తెలుసు బాబాయిగారూ. బూట్లు విప్పి రావే."

"మేనేజరు మేడమ్ వస్తే..."

"వస్తే నేను చెప్పుకుంటాను."

ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి అలా అనేసరికి ఫోటో బాబాయి తల మళ్ళీ కెమెరా వెనక్కి వెళ్ళిపోయింది. ఉడుత బూట్లు విప్పి, సాక్సులతో, మంచు మీద నడుస్తున్నట్టు కాగితం మీద అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. పోస్టరు అమ్మాయి పక్కనుంచి తిరిగి వెనక్కి వచ్చింది.

వచ్చి, ఆగిపోయింది.

టైలరమ్మ క్లిప్పుల డబ్బా కూతురి చేతిలో పెట్టి ఊరుకుంది.

మెడనుంచి నడుం దాకా గౌను వీపు మొత్తం ముడతలు ముడతలుగా దగ్గరికి లాగి ఉంది. ఆ ముడతల మీద నల్లగా క్లిప్పులు బారులు తీరి ఉన్నాయి. ఒకచోట గుడ్డ ఎక్కువై ఉండచుట్టుకుపోతే దానికి రబ్బరు బ్యాండు వేసి ఉంది. భుజం దగ్గర మెత్త సగం బయటకు వచ్చి వేలాడుతోంది.

ఉడుత చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అంది, "అమ్మా, ఇది మన పెరట్లో బట్టలారేసిన తాడులా ఉందే!"

పోస్టరు అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే "అమ్మో, అమ్మో" అని నడుం పట్టుకుంది. "నవ్వించకు చెల్లీ! నవ్వితే ఒకటి ఎగిరి బాబాయి కెమెరాకు తగులుతుంది. పోయినసారి తుమ్మాపుకోలేక చచ్చాను."

"అంటే... నీకు కూడా ఈ గౌను పట్టలేదా అక్కా?"

"నాకా? ఇది నాకంటే జానెడు పొడుగున్నామెకు కుట్టింది. ఇందులో నేను కూర్చోలేను, వంగలేను. గట్టిగా ఊపిరి పీలిస్తే మీ అమ్మ తిడుతుంది."

"మరి పోస్టరులో నీ నడుం?"

"అది నా నడుం కాదమ్మా, మీ అమ్మ చేసిన నడుం." పోస్టరు అమ్మాయి తల మాత్రం కొద్దిగా వెనక్కి తిప్పగలిగింది. గొంతు తగ్గించింది. "నీకో సంగతి చెప్పనా? మా వీధి మలుపులో నా పోస్టరు అంటించారు. మొదటిరోజు ఎగిరి గంతేశాను. తర్వాత రోజూ దాని పక్కనుంచి నడిచి వెళ్ళాలి కదా. అద్దాల దుకాణం ఉంది ఎదురుగా. అందులో నేనూ కనిపిస్తాను, పోస్టరూ కనిపిస్తుంది. ఇద్దరం ఒకలా ఉండం. ఇప్పుడు సందు తిరిగి వెళ్తున్నాను."

ఉడుత పిడికిట్లో పట్టుకున్న తన చొక్కాను ఎప్పుడు వదిలేసిందో వదిలేసింది. టైలరమ్మ ఆ చేతినే చూస్తోంది.

ఎక్కడో గుర్రుమని ఒక చప్పుడు.

"అక్కా, నీ కడుపు మాట్లాడుతోంది."

"దానికి మాటలెక్కువ. పట్టించుకోకు."

"పొద్దున్నుంచీ ఏం తినలేదా?"

"ఫోటోలయ్యాక తింటాను. ముందు తింటే పొట్ట ఉబ్బుతుందంటారు."

"మా అమ్మ సంచిలో అరటిపళ్ళు ఉన్నాయి."

పోస్టరు అమ్మాయి కళ్ళు సంచివైపు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. "నాకొక్కదానికేనా? నువ్వు తింటే నేను తింటాను."

టైలరమ్మ గభాలున కూతురి చేతిలోంచి డబ్బా అందుకుని కింద కూర్చుని, క్లిప్పులు ఏరడం మొదలుపెట్టింది. ఏరడానికి అందులో ఏముంది? చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయని వంక. తలెత్తి చూస్తే పిల్ల ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం. చెవులు మాత్రం రిక్కించి ఉంచింది. సంచి జిప్పు చప్పుడు. తొక్క ఒలిచిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో ఆమె తలుచుకోని దేవుడు లేడు. ఆ తర్వాత, చిన్నగా, కొరికిన చప్పుడు.

ఇంకోసారి కొరికిన చప్పుడు.

ఓరగా చూసింది. ఉడుత రెండు చేతులా పట్టుకుని తింటోంది. చిన్నప్పటిలాగే.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దూది మెత్తతో తుడుచుకుంది.

"ఏం జరుగుతోందిక్కడ?"

మేనేజరు మేడమ్. గౌనుల కంపెనీ తరఫున వచ్చి ప్రకటనలు దగ్గరుండి చూసుకునే మనిషి. చిన్న వయసే. ఎప్పుడూ చెవికి ఫోను, కళ్ళ కింద నిద్రలేని చారలు. గీత దాటి లోపల ఉన్న కొత్త పిల్లనూ, పోస్టరు అమ్మాయి చేతిలో సగం తిన్న పండునూ చూసి ఆమె మొహం ఎర్రబడింది.

"కాగితం మీద ఎవరీ పిల్ల? ఆ పండేమిటి? ఫోటో ముందు తినకూడదని ఎన్నిసార్లు చెప్పాను? టైలరమ్మా, నిన్నే! నీకు బుద్ధుందా?"

"మా పాప మేడమ్," అంది టైలరమ్మ లేచి నిలబడుతూ. ఉద్యోగం పోతే ఇంట్లో అత్తగారికి ఏం చెప్పాలో, చంటాడి పాలకు ఏం చేయాలో, చిల్లర భయాలన్నీ ఒకేసారి మీద పడ్డాయి. కానీ పక్కనే కూతురి దవడ ఇంకా ఆడుతోంది. ఆ ఆడే దవడ చూసి ధైర్యం తెచ్చుకుంది. "మీరు ఎన్ని క్లిప్పులు పెట్టమన్నా పెడతాను మేడమ్. అది నా పని. కానీ ఆ పోస్టరు చూసి నా పిల్ల అన్నం మానేసింది. బళ్ళో పడిపోయింది. వెనక ఏముందో దానికి చూపించుకోవడం కూడా నా పనే కదా."

"పోస్టరు చూసి అన్నం మానేయడమేమిటి?" మేడమ్ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువైంది. "ఆ మాటలు నేనే రాశాను. కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి... ఈ వయసు పిల్లలకు నీతులు చెబితే నచ్చదు, స్నేహితురాలిలా మాట్లాడాలి, ధైర్యం చెప్పాలి అని రాశాను. నీకు నువ్వే సాటి! ఇంకా ఏం చెప్పాలి? ఇందులో తప్పేముంది?"

మాటల్లో తప్పు లేదనే టైలరమ్మకూ అనిపించింది.

జవాబు ఉడుత చెప్పింది, నోట్లోది మింగేసి. "మాటల్లో ఏం తప్పులేదు మేడమ్. చదవగానే నాకు భలే నచ్చాయి. నాతోనే అన్నట్టు అనిపించింది. అందుకే ఆ గౌను వేసుకుని అద్దం ముందు నిల్చున్నాను. చూస్తే, మీరన్న 'నువ్వు' నేను కాదు. ఈ అక్క. నన్ను పిలిచారనుకుని గబగబా వెళ్తే, నా వెనకున్న వాళ్ళనట పిలిచింది. అలా అయ్యింది."

తెలియకుండానే మేడమ్ చెయ్యి తన కోటు అంచును నడుం దగ్గర సర్దుకుంది. అది గమనించి మళ్ళీ చెయ్యి తీసేసింది. టైలరమ్మ చూడనట్టు మొహం తిప్పుకుంది.

"నీకెన్నేళ్ళు?" అని అడిగింది మేడమ్ చివరికి, మెత్తగా.

"పధ్నాలుగు."

"ఇందాక అన్నావే, అది మళ్ళీ అను."

"ఏది మేడమ్?"

"పిలిచారనుకుని వెళ్తే, అన్నావు కదా. అది." మేడమ్ కళ్ళు మారిపోయాయి. దీపం వెలిగినట్టు. గభాలున రెండడుగులు వేసి, గీత గుర్తొచ్చి ఆగి, అక్కడినుంచే అంది, "బాబాయిగారూ, ఈ పిల్ల! ఈ పిల్లను చూడండి. మేకప్ లేదు, ఏం లేదు, చేతిలో అరటిపండు. ఇదే కదా మనకు కావలసింది? నిజమైన అమ్మాయి! ఈ పిల్లనే నిలబెడదాం. పసుపు గౌను ఈ పిల్లకే వేద్దాం. నువ్వు కాస్త పక్కకు జరగమ్మా."

ఆ చివరి మాట పోస్టరు అమ్మాయితో అన్నది. ఆమె జరిగింది.

టైలరమ్మ గబుక్కున కూతురికి అడ్డంగా నిలబడింది. ఇప్పటిదాకా వేరే అమ్మాయి పోస్టరు చూసి తన పిల్ల కుమిలిపోయింది. రేపు తన పిల్ల పోస్టరు చూసి ఎవరి పిల్ల కుమిలిపోవాలి? పైగా తన పిల్ల వీపుకు తానే క్లిప్పులు పెట్టాలా?

"వద్దు మేడమ్," అంది. "దానికి అలాంటివి..."

"ఒక్క నిమిషమమ్మా," అంది ఉడుత.

ఆ గొంతు విని తల్లి ఉలిక్కిపడింది. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని! బేరమాడే గొంతు. ఇంకో ముక్క కావాలంటే చిన్నప్పుడు ఇలాగే మొదలుపెట్టేది.

"నేను నిలబడతాను మేడమ్. కానీ వెనకనుంచి తీయాలి."

"వెనకనుంచా?"

"వీపు కనిపించాలి. క్లిప్పులన్నీ కనిపించాలి. మా అమ్మ చెయ్యి క్లిప్పు పెడుతున్నట్టు కూడా కనిపించాలి. నేను వెనక్కి తిరిగి చూసి నవ్వుతాను. మీ మాటలు అవే ఉంచండి. అప్పుడు చదివినవాళ్ళందరికీ వాళ్ళనే పిలిచినట్టు ఉంటుంది."

ఫోటో బాబాయి బిగ్గరగా ఈల వేశాడు. "కెమెరా అటు తిప్పడం నాకు చిటికెలో పని. మీ కంపెనీ పెద్దాయన మెడ ఇటు తిప్పడమే మీ పని, మేడమ్."

మేడమ్ నవ్వలేదు. ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పింది. గోడకు ఆనించిన పాత పోస్టరును చూసింది. తను రాసిన మాటలు తనే మళ్ళీ చదువుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత ఫోను నొక్కి చెవికి పెట్టుకుంది. "సార్, నేనే. ఒక్కటి అడగాలి. కాదనే ముందు పూర్తిగా వినండి..."

అవతల ఎవరో అప్పుడే కాదంటున్నారు. గొంతు ఇక్కడికి వినబడుతోంది. మేడమ్ మాత్రం పెట్టేయలేదు. "వినండి సార్," అంటూనే ఉంది.

ఉడుత తల్లి చెయ్యి పట్టుకుంది. కొన్నాళ్ళుగా చల్లగా ఉంటున్న చెయ్యి ఇప్పుడు వెచ్చగా ఉంది. "అమ్మా, నువ్వేమంటావు? నువ్వు ఊ అంటేనే."

ఆ మొహంలోకి చూస్తే టైలరమ్మకు ఊ అనాలనీ ఉంది, ఎత్తుకుని ఇంటికి పారిపోవాలనీ ఉంది. అందరి కళ్ళూ ఈ తల్లీకూతుళ్ళ మీదే. ఫోటో బాబాయి అప్పుడే లైటు గొడుగు ఒకటి అటు తిప్పుతున్నాడు.

స్టూలు పక్కన ఎవరూ లేరన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పక్కకు జరగమన్నప్పుడు జరిగిన పోస్టరు అమ్మాయి, అలా జరుగుతూ జరుగుతూ మేకప్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సగం పండు చేతిలో పట్టుకునే వెళ్ళింది. తిందో, చెత్తబుట్టలో వేసిందో తెలియదు. గౌను ఇంకా ఒంటిమీదే ఉంది. వీపు మీది క్లిప్పులు ఆ పిల్ల చేతికి అందవు. తీయాల్సిన టైలరమ్మ ఇప్పుడు కూతురికి జవాబు చెప్పాలి, కదలలేదు.

ఇది చదువుతున్న అమ్మల్లారా, అక్కల్లారా, మీరైనా ఒకసారి వెళ్ళి ఆ తలుపు తట్టండి. తిన్నావా అమ్మా అని అడగండి. తిన్నానంటే నమ్మేసి వచ్చేయకండి, తలుపు తీసేదాకా నిలబడండి.